ఎగువకోట చేతికర్ర

తోర్‌బాజ్ ఖాన్ పొద్దున్నే టీ తాగి, మీసాలు దువ్వుకుని, తలపాగా చుట్టుకుని హుజ్రాలో కూర్చుంటాడు. ఎగువకోట గోడను ఆనుకుని ఉన్న మగవాళ్ల చావడి అది. ఒకప్పుడు అక్కడ మంచాలు చాలక జనం గడప మీద కూర్చునేవాళ్లు. పెళ్లి మాటలైనా, నీళ్ల తగాదాలైనా, తుపాకులు దించి చేతులు కలపడమైనా ఆ కప్పు కిందే జరగాలి. ఇప్పుడు మంచాల నులక వేలాడుతోంది. రోజూ వచ్చేవాళ్లు రెండే ప్రాణులు. ఒకడు ఖాన్ దగ్గర పూర్వం తుపాకీ పట్టిన చెవిటి తురాబ్. రెండోది ఎవరిదో తెలియని కోడి. అయినా ఖాన్ మీసం దువ్వడం మానలేదు.

"మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె," అని ఆయన భార్య పల్వషా లోపల్నుంచి అనేది. ముసలాయనకు వినపడేది. వినపడనట్టు కూర్చునేవాడు.

ఆయన్ను చూస్తే నవ్వు రావాలి, కానీ రాదు. స్పిన్‌దరా లోయ మొత్తానికి ఖానుల ఇళ్లు రెండే. పైన ఎగువకోట, కింద దిగువకోట. మిగిలినవాళ్లంతా వాళ్ల కౌలుదార్లు, వాళ్ల గొర్రెలకాపర్లు, వాళ్ల కమ్మర్లు, వాళ్ల మంగళ్లు. రెండు కోటలూ తరాల తరబడి లోయను ఏలాయి. ఏలడం విసుగెత్తినప్పుడల్లా ఒకరినొకరు చంపుకున్నాయి. దిగువకోట జర్వలీ ఖాన్‌ను కాలువ నీళ్ల దగ్గర కాల్చింది తోర్‌బాజ్ తమ్ముడు. మరుసటి కోతల్లో ఆ తమ్ముణ్ని కాల్చింది దిగువకోట వాళ్లు. అప్పటినుంచి వాగుకు అటు మనిషి ఇటు, ఇటు మనిషి అటు అడుగు పెట్టలేదు.

వీళ్లిలా ఒకరి మీద ఒకరు గుర్రుగా చూసుకుంటూ ఉండగానే కొండ మీద ఇంకొకడు లేచాడు. వాడికి కోట లేదు, చెప్పుకోవడానికి తాత పేరు లేదు. కమాండర్ గుల్‌దాద్ అంటారు. పికప్ బళ్లున్నాయి, గడ్డాలు పూర్తిగా రాని కుర్రాళ్లున్నారు, కొత్త తుపాకులున్నాయి. లోయ కిందికి దిగే రోడ్డు వాడి చేతిలో ఉంది, పైన కనుమ వాడి చేతిలో ఉంది. మధ్యలో ఉన్నది తమదే అని ఖానులు అనుకుంటూ ఉండేవాళ్లు.

అక్రోట్లు దులిపే రోజుల్లో ఒక మధ్యాహ్నం దిగువకోట జర్వలీ ఖాన్ భార్య దుర్ఖానయ్, నెత్తిన ఖురాన్ పెట్టుకుని, ఎండిన వాగు దాటి ఒంటరిగా వచ్చింది. హుజ్రా వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా ఆడవాళ్ల వాకిట్లోకి వెళ్లి తందూరు పక్కన బూడిదలో కూర్చుంది. రొట్టెలు కాలుస్తున్న పల్వషా చేతిలో పిండిముద్ద చేతిలోనే ఉండిపోయింది. శత్రువే అయినా తన పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చున్న మనిషిని లేవగొట్టే హక్కు పష్తూన్ తెగవాడికి లేదు. వచ్చినవాళ్లు ఏది అడిగితే అది ఇవ్వాలి.

పల్వషా హుజ్రా తలుపు దాకా వచ్చింది.

"ఏమయ్యా, లోపలికి రా. నీ శత్రువు పెళ్లాం వచ్చింది."

"ఎవరూ?"

"జర్వలీ ఖాన్ భార్య. బూడిదలో కూర్చుంది. మంచం వేస్తానన్నా లేవట్లేదు."

తోర్‌బాజ్ చూపు నేలకు దించుకుని వాకిట్లోకి వచ్చాడు.

"లే తల్లీ. మంచం మీద కూర్చుని మాట్లాడు."

"అడిగింది ఇస్తానంటే లేస్తాను అన్నా."

అన్నా అంది. ఎన్నో ఏళ్లుగా ఆయన్ను ఎవరూ ఏదీ అడగలేదు. అడగడానికి ఆయన దగ్గర ఏదైనా ఉందని కూడా ఎవరూ అనుకోలేదు.

"ఇచ్చాననుకో. చెప్పు," అన్నాడు.

ఆమె చెప్పింది. దిగువకోట బురుజు మీద తన మనుషుల్ని పెట్టుకుంటానని గుల్‌దాద్ కబురు చేశాడు. ఆమె ఒక్కగానొక్క కొడుకు సమందర్, అది మా నాన్న కట్టిన బురుజు, మా నాన్న సమాధి మీదుగా నడిచొచ్చి ఎక్కమను అని తిప్పి పంపాడు. దాంతో మొన్న శుక్రవారం మసీదులో గుల్‌దాద్ మనుషులు సమందర్ పేరు చదివారు. అలా పేరు చదివించుకున్నవాడు మళ్లీ శుక్రవారం చూడడం ఈ లోయలో జరగలేదు.

"కనుమ దాటించు అన్నా. కనుమకి నీ నేల మీంచే దారి. అవతల వాడి మేనమామలున్నారు. ఎలా దాటిస్తావో నీ ఇష్టం. మూట కట్టి పంపినా సరే, గాడిద మీద గడ్డికింద పెట్టి పంపినా సరే. నాకు పరువూ అక్కర్లేదు, బురుజూ అక్కర్లేదు. పిల్లాడు ప్రాణంతో దాటితే చాలు."

"గడ్డికింద ఎందుకు తల్లీ?" అన్నాడు తోర్‌బాజ్ ఖాన్. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది, వయసులో ఉన్నప్పటి గొంతు అది. "నా బద్రగాలో వెళ్తాడు."

ఖాన్ తన మనిషిని తోడిచ్చి పంపితే ఆ తోడు బద్రగా. ఆ తోడు నడిచినంత దూరం బాటసారి ఖాన్ ఇంట్లో కూర్చున్నట్టే లెక్క. వాణ్ని ముట్టుకుంటే ఖాన్‌ను ముట్టుకున్నట్టు, ఖాన్‌ను ముట్టుకుంటే వంశం మొత్తం లేచి వచ్చి ముట్టుకున్నవాడి ఇల్లు తగలబెడుతుంది. ఎగువకోట బద్రగాకు గుర్తు ఒక చేతికర్ర. అడవి ఆలివ్ కొయ్యతో చేసినది, వెండి పిడి. తోర్‌బాజ్ తాత కాలంలో అయితే మనిషి కూడా అక్కర్లేదట. ఒక ముసలి బిచ్చగత్తె చేతికి ఆ కర్ర ఇచ్చి వర్తకుల ఒంటెల ముందు నడిపిస్తే, రాళ్ల చాటున పొంచి ఉన్న దొంగలు లేచి నిలబడి సలాం చేశారట. ఈ కథ లోయలో అందరికీ తెలుసు, ఎందుకంటే ఎగువకోట వాళ్లు అందరికీ చెప్పారు.

దుర్ఖానయ్ లేచింది. బూడిద దులుపుకుంది. ఇంకేదో చెప్పాలని నోరు తెరిచి, మూసుకుంది. మాట ఇచ్చినవాణ్ని మళ్లీ అడిగితే ఆ మాటను శంకించినట్టవుతుంది.

ఆమె వెళ్లగానే పల్వషా మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"నేనొక మాట చెప్తా విను. మా పుట్టింటికి వెళ్తున్నానని బయల్దేరతా. పిల్లాడికి బురఖా వేసి నా కోడలని తీసుకెళ్తా. ఆడవాళ్లని వాళ్లు తడమరు. సాయంత్రానికి అవతల ఉంటాడు."

"దిగువకోట ఖాన్ కొడుకు బురఖా వేసుకుని నా పెళ్లాం కొంగు పట్టుకుని వెళ్తాడా! రాబోయే తరాలు నవ్వుతాయే."

"నవ్వనీ. నవ్వడానికి రాబోయే తరాలంటూ ఉండాలిగా."

"దాచిపెట్టి పంపేది దొంగసొత్తు. బద్రగా అంటే పట్టపగలు, నడిబజారులో, అందరూ చూస్తుండగా నడవాలి. దాచానంటే నా మాటకి విలువ లేదని నేనే చాటింపు వేసుకున్నట్టు."

"చాటింపు వెయ్యకపోతే జనానికి తెలియదనుకున్నావా?"

ముసలాయన ముఖం ఎర్రబడింది. పల్వషా గొంతు తగ్గించింది.

"సరే, అదలా ఉంచు. గుల్‌దాద్ ఎవరి కొడుకో గుర్తుందా? జుమా గుల్ కొడుకు."

"ఏ జుమా గుల్?"

ఆమె కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. నిజంగానే గుర్తు లేదని అర్థమైంది.

"అక్రోటు కొమ్మ నరికాడని ఇంటి దూలాలు పీకించావు చూడు. మంచు కురుస్తుండగా. పిల్లల్ని దుప్పట్లో చుట్టుకుని లోయ దిగి వెళ్లారు."

"ఓ, వాడా!" అన్నాడు తోర్‌బాజ్. ఆయన ముఖం తేటపడింది కూడా. "అయితే మరీ మంచిది. మన కౌలుదారు కొడుకన్నమాట. ఎగువకోట కర్ర ఏమిటో వాడికి ఇంకొకడు చెప్పాలా?"

పల్వషా పిండి దగ్గరికి వెళ్లిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఎంతసేపని ఊదుతుంది?

ఆ సాయంత్రం సమందర్ వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, నవ్వితే తండ్రి పోలిక. చాలా ఏళ్ల తర్వాత హుజ్రాకు అతిథి వచ్చాడు. మంచాల నులక బిగించారు. దుప్పట్లు దులిపారు. ఎవరిదో తెలియని ఆ కోడి ఎవరిదో అప్పటికప్పుడు తేలిపోయింది, ఖాన్ గారిదేనట. తురాబ్ దాన్ని కోశాడు.

"ఖాన్ బాబా," అన్నాడు సమందర్ చేతులు కడుక్కుంటూ, "మీ తమ్ముణ్ని చంపిన ఇంటివాణ్ని. మీ రొట్టె తినొచ్చా?"

"తినకపోతే నేనే చంపుతా," అన్నాడు తోర్‌బాజ్.

ఇద్దరూ నవ్వారు. తోర్‌బాజ్ కొడుకు ఐమల్ కూడా నవ్వాడు. వినపడకపోయినా తురాబ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. తన చేత్తో కోడి కాలు తీసి శత్రువు కొడుకు ముందు పెడుతుంటే తోర్‌బాజ్ ఖాన్‌కు కళ్లు చెమర్చాయి. ఈ పిల్లాణ్ని కనుమ దాటిస్తే పాత పగ అంతటితో పోతుంది, రెండు కోటలూ కలిస్తే కొండ మీది వాళ్లు ఎంత, అనుకున్నాడు. అంత సంతోషంగా ఆయన భోంచేసి చాలా కాలమైంది.

తిన్నాక సమందర్ నెమ్మదిగా అన్నాడు.

"బాబా, ఒక్క మాట. గడ్డిమోపుల మధ్య అయినా నాకేం నామోషీ లేదు. బతుకుతానని అమ్మకి మాటిచ్చాను."

"పిచ్చివాడా! నా ఇంటి నుంచి బయల్దేరేవాడు గాడిద మేతలో దూరతాడా?" అని తోర్‌బాజ్ వాడి వీపు మీద చరిచాడు.

సమందర్ కూడా ఖాన్ కొడుకే కదా. రెండోసారి అడగలేదు. ఇంకొక్కసారి అడిగి ఉంటే ఏమయ్యేదో, కానీ ఆ ఇళ్లలో పుట్టినవాళ్లకు అడగడం నేర్పరు.

తెల్లవారి ఐమల్ తుపాకీ భుజాన వేసుకుని వచ్చాడు. తండ్రి దాన్ని తీసి గోడకు ఆనించాడు.

"కర్ర పట్టుకుని తుపాకీ కూడా పట్టుకుంటే ఏమిటర్థం? కర్ర మీద నమ్మకం లేదని కాదా?"

"బాబా, ఎందుకైనా మంచిది..."

"ఎందుకైనా మంచిదని మా నాన్న ఎప్పుడూ అనలేదు."

ఐమల్ కర్ర అందుకున్నాడు. ముందు ఐమల్, వెనక సమందర్, బజారు నడిమధ్య నుంచి కనుమ వైపు నడిచారు. దుకాణాల వాళ్లు తలలు దించుకున్నారు. కమ్మరి సుత్తి ఆగింది. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు గ్లాసులు చేతిలో పట్టుకుని పక్కకు తిరిగారు. చూడండర్రా, ఎంత మర్యాదో, అనుకున్నాడు కోట గుమ్మంలో నిలబడ్డ తోర్‌బాజ్ ఖాన్. పాడె వెళ్తుంటే కూడా జనం అలాగే తల దించుకుంటారని ఆయనకు తట్టలేదు.

ఆ ఉదయమంతా ఆయన హుజ్రాలోనే కూర్చున్నాడు. కనుమ దాకా ఎంతసేపు, దిగడానికి ఎంతసేపు అని లెక్కలు కట్టుకున్నాడు. సమందర్ మేనమామలు ఐమల్‌ను ఆ పూట ఆగమంటారు, వీడు మొహమాటపడి ఆగుతాడు, రేపటికి గానీ రాడు అని తురాబ్‌తో చెప్పాడు. తురాబ్ తల ఊపాడు.

నీడలు సాగకముందే ఐమల్ వచ్చాడు. ఒక్కడే. చేతిలో కర్ర ఉంది. బట్టలు నలగలేదు. తలపాగా చెదరలేదు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. తోర్‌బాజ్ ఖాన్ కళ్లు మొదట వెతికింది దానికోసమే.

"ఏడీ?"

"తీసుకున్నారు."

"నువ్వేం చేశావు?"

"అడ్డం నిలబడ్డా బాబా. కర్ర చూపించా. ఎవరి బద్రగాయో చెప్పా. గట్టిగా చెప్పా. ఇద్దరొచ్చి నా రెక్కలు పట్టుకుని పక్కకి ఎత్తి పెట్టారు, పసిపిల్లాణ్ని పెట్టినట్టు. మంచం వేసి కూర్చోబెట్టారు. టీ ఇచ్చారు."

"కొట్టారా?"

"లేదు."

"తిట్టారా?"

"లేదు బాబా. పంచదార ఎంత వెయ్యమంటావని అడిగారు."

అని ఐమల్ ఏడ్చాడు. గడ్డం తడిసేలా, ముక్కు కారేలా ఏడ్చాడు. ఏడుస్తూనే మిగిలింది చెప్పాడు. టీ తెచ్చేసరికి సమందర్ చేతులు వెనక్కి కడుతున్నారట. సమందర్ ఇటు తిరిగి, తాగు ఐమల్, చల్లారిపోతుంది, బాబాకి మాత్రం టీ సంగతి చెప్పకు అన్నాడట. తర్వాత గోడ వెనక్కి తీసుకెళ్లారు. ఐమల్‌కు చప్పుడే వినపడింది.

"గుల్‌దాద్ వచ్చాడా?"

"వచ్చాడు. తనే కర్ర తీసి నా చేతికిచ్చాడు. ‘ఇది బాబాకి ఇచ్చెయ్. చలికాలం వస్తోంది, దారి జారుతుంది, పెద్దాయనకి అవసరం. మా నాన్న పేరు గుర్తుందో లేదో ఒకసారి అడుగు,’ అన్నాడు."

తోర్‌బాజ్ ఖాన్ కర్ర అందుకోలేదు. మంచం మీద వెనక్కి వాలి కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. హుజ్రా వసారాలో ఎన్నడూ పొయ్యి పెట్టలేదు. కానీ అక్కడి దూలాల్లో కొన్నిటికి ఒక వైపు మసి ఉంది. మందంగా, నల్లగా, ఎవరో ఆడమనిషి ఏళ్ల తరబడి వంట చేసిన మసి. ఇన్నేళ్లుగా ఆ దూలాల కింద కూర్చుని ఆయన నీతీ న్యాయమూ చెప్పాడు.

వాళ్లు ఐమల్‌ను చంపి ఉంటే బాగుండేదన్న ఆలోచన వచ్చింది ఆయనకు. చంపి ఉంటే ఎగువకోట బద్రగా కోసం కొడుకు ప్రాణం పోయిందని లోయ చెప్పుకునేది. చంపదగ్గ మనిషి అనైనా అనుకునేవాళ్లు. ఆ ఆలోచన వచ్చినందుకు పెద్దగా ఏడుపొచ్చింది. కొడుకు క్షేమంగా ఇంటికి వచ్చాడని తండ్రి అలా ఏడ్చిన ఇల్లు ఇంకెక్కడా ఉండదు.

ఆ ఏడుపు ఆగాక లేచి నగారా బయటికి లాగాడు. బద్రగాను తెంచినవాడి మీదికి వంశం లేవాలి, అది తాతల నాటి కట్టు. తనే కర్రపుల్లలు పట్టుకుని వాయించాడు. లోయ అటు వైపు కొండకు తగిలి ఆ మోత తిరిగొచ్చింది. మనుషులు రాలేదు. అందరికంటే ముందు వచ్చింది చెవిటి తురాబ్, అదీ ఖాన్ చేతులు ఆడుతుంటే చూసి. తుప్పు పట్టిన పాత తుపాకీ పట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. చాలాసేపటికి ఖాన్ పినతండ్రి కొడుకు మీర్ జమాన్ వచ్చాడు, వెనకాల నలుగురైదుగురు రైతులు.

"ఆపు అన్నా, ఆపు. పిల్లలు దడుచుకుంటున్నారు," అన్నాడు మీర్ జమాన్.

"నా బద్రగాని తెంచార్రా!"

"తెంచారు. విన్నాం. ఏం చెయ్యమంటావు? ఇప్పుడు నీ వెనక నడిస్తే వచ్చే శుక్రవారం మా అందరి పేర్లూ చదువుతారు. చదవడానికి వాళ్లకి నోరు నొప్పి పుట్టాలి గానీ, చంపడానికి చెయ్యి నొప్పి పుట్టదు."

"మీ తాతలు..."

"మా తాతలు పోయారు. మంచివాళ్లు, తొందరగా పోయారు."

వెనకాల ఉన్న రైతుల్లో ఒకడు, నడివయసు వాడు, తల ఎత్తకుండానే అన్నాడు: "మా ఇళ్ల దూలాలు పీకించినప్పుడు ఏ నగారా మోగింది ఖాన్?"

పూర్వం అయితే ఆ మాట అన్నవాడి పళ్లు రాలేవి. ఇప్పుడు ఎవరూ వాడి వైపు తిరిగైనా చూడలేదు. తోర్‌బాజ్ ఇంకాసేపు వాయించాడు. భుజం పట్టేసింది. పుల్లలు కింద పడ్డాయి. తురాబ్ వంగి వాటిని తీసి తన చొక్కాతో తుడిచి నగారా మీద పెట్టాడు.

సమందర్ శవాన్ని పొద్దుగూకే వేళకు వాగు ఒడ్డున, రెండు కోటలకూ సరిగ్గా మధ్యలో వదిలి వెళ్లారు. దిగువకోట ముసలి కౌలుదార్లు కొందరు మోసుకెళ్లారు. మర్నాడు పొద్దున్నే పూడ్చారు. శవం ముందు నిలబడి చదివే జనాజా నమాజుకు ఒక్క వరస కూడా నిండలేదు.

ఆ రోజే తోర్‌బాజ్ ఖాన్ బయల్దేరాడు. తలపాగా విప్పి మెడలో వేసుకున్నాడు. చెప్పులు విడిచాడు. కర్ర మీద చెయ్యి వెయ్యకూడదనే అనుకున్నాడు గానీ మోకాళ్లు సహకరించలేదు. ఆ కర్రే ఊతగా వాగులోకి దిగి, ఎక్కి, దిగువకోట ఆడవాళ్ల వాకిలి ముందు నిలబడి దగ్గాడు. ఎవరూ రావద్దనలేదు. ఎవరూ రమ్మనలేదు.

లోపల తందూరు వెలుగుతోంది. చావింట మూడు రోజులు పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వాళ్లే వండి తెస్తారు. శత్రువు ఇల్లయినా తెస్తారు. కానీ దుర్ఖానయ్ ఇంటికి ఎవరూ గిన్నె పట్టుకుని రాలేదు. పేరు చదివించుకున్నవాడి ఇంటికి వెళ్తే తమ పేరూ చదువుతారని భయం. గుంత తవ్విన ముసలివాళ్లు ఆకలితో గోడవారన కూర్చుని ఉన్నారు. అందుకని కన్నతల్లే కొంగు బిగించుకుని రొట్టెలు కాలుస్తోంది. పక్కన పిండి పిసుకుతున్నది పల్వషా. ఆమె తనకంటే ముందే, తనకు చెప్పకుండానే వచ్చిందని తోర్‌బాజ్‌కు అప్పుడు తెలిసింది. ఆమె తల ఎత్తి ఆయన్ను చూడలేదు.

తోర్‌బాజ్ ఖాన్ తందూరు పక్కన బూడిదలో కూర్చున్నాడు.

"మన్నించమని రాలేదు తల్లీ. ఏ ముఖంతో అడుగుతాను? నన్ను చంపించు. నీకు హక్కుంది."

"ఎవరితో చంపించను అన్నా?" అంది దుర్ఖానయ్. "ఇంట్లో మగాడేడీ?"

ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. రొట్టె తందూరు గోడకు కొట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని, మండిన చోట ఊదుకుంది. తర్వాత, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు, మామూలు గొంతుతో అంది:

"గడ్డికింద పెట్టి పంపమన్నాను కదా అన్నా."

తోర్‌బాజ్ ఖాన్ కర్రను ఒళ్లోకి లాక్కున్నాడు.

తందూరులో నిప్పు తగ్గిపోయింది. కట్టెలు తెచ్చేవాళ్లు లేక పొద్దున్నుంచి సమందర్ మంచం కోళ్లు విరిచి వేస్తున్నారు, అవీ అయిపోయాయి. దుర్ఖానయ్ లోపలికి తొంగి చూసింది, చుట్టూ వెతికింది. ఆమె చూపు ఖాన్ ఒళ్లో ఉన్న కర్ర మీద ఆగింది.

"అదిలా ఇవ్వు. రొట్టెలు పచ్చిగా ఉండిపోతాయి."

ఆయన ఇచ్చాడు. ఆమె దాన్ని తందూరు అంచుకు ఆనించి కాలితో తన్ని రెండు ముక్కలు చేసి లోపలికి వేసింది. ఎండిన ఆలివ్ కొయ్య, వెంటనే అంటుకుంది. వెండి పిడి నల్లబడింది. పల్వషా చేతులు మాత్రం పిండిలో ఆగాయి, కాసేపు. మళ్లీ పిసికింది.

మొదటి వాయి ముసలి కౌలుదార్లకు వెళ్లింది. రెండో వాయిలోంచి ఒక రొట్టె తీసి దుర్ఖానయ్ తోర్‌బాజ్ ముందు పెట్టింది. పొయ్యి దగ్గరికి వచ్చినవాడు పెట్టింది తినకుండా లేవకూడదు. ఆయన తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నీళ్లు తాగి దింపుకున్నాడు. మొత్తం తినేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది. అప్పుడు కూడా మన్నించానని గానీ, పొమ్మని గానీ అనలేదు.

ఆయన గోడ పట్టుకుని లేచాడు. గోడ పట్టుకునే బయటికి వచ్చాడు. గోడ ఉన్నంత దూరం బాగానే నడిచాడు. వాగు దగ్గరికి వచ్చేసరికి గోడ లేదు. పొద్దున ఎండి ఉన్న వాగులో నీళ్లు దిగాయి, పై కొండల్లో ఎక్కడో వాన పడినట్టుంది. మోకాలి లోతు కూడా లేదు గానీ కింద రాళ్లన్నీ నాచు. ఒక కాలు పెట్టాడు, జారింది. వెనక్కి తీసుకున్నాడు. రెండోసారి పెట్టాడు, మళ్లీ జారింది. అవతల గట్టు మీద తన పొలంలో మనుషులు అక్రోట్లు ఏరుతున్నారు. ఆయన్ను చూశారు, వంగి పనిలో పడ్డారు. నీళ్ల ఒడ్డున ఒక రాయి మీద కూర్చున్నాడు.

రోడ్డు మీద పికప్ ఆగిన చప్పుడైంది. కొండ మీది కుర్రాడొకడు దిగి వచ్చాడు. భుజాన తుపాకీ ఉంది. గడ్డం ఇంకా నూగునూగుగా ఉంది. తోర్‌బాజ్ ఖాన్ వాణ్ని చూసి లేచి నిలబడ్డాడు. ఇప్పటికైనా కాలుస్తాడేమో, కాల్చనీ అనుకుని గుండెలు ముందుకు పెట్టాడు.

ఆ కుర్రాడు తుపాకీని వెనక్కి తిప్పుకున్నాడు. పైజామా పైకి మడుచుకున్నాడు. నీళ్లలోకి దిగి, ఇటు తిరిగి, మర్యాదగా చెయ్యి చాపాడు.

"జారుతుంది బాబా. రా, నేను దాటిస్తా."

తోర్‌బాజ్ ఖాన్ అవతల గట్టు చూశాడు. నీళ్లు చూశాడు. ఆ చెయ్యి పట్టుకున్నాడు.